లెక్క అడిగే పెద్దమనుషులు

మన ఇళ్ళల్లో లెక్క అడగడం అంత తేలికైన పని కాదు. "మొన్న ఇచ్చిన అయిదువేలూ ఏమయ్యాయి?" అని భర్త అడిగాడా, ఆ పూట భార్యకు అన్నం సయించదు. అదే ప్రశ్న భార్య అడిగిందా, భర్తగారికి చొక్కా తొడుక్కుని బజారుకు వెళ్ళవలసిన పని తటాలున జ్ఞాపకం వస్తుంది. ఇక అన్నదమ్ముల మధ్య లెక్క మాట వచ్చిందంటే పెరట్లో గోడ లేచిందన్నమాటే. "నన్నే లెక్క అడుగుతావా?" అంటే "నన్ను దొంగంటావా?" అని అర్థం. ఈ అర్థం ఏ నిఘంటువులోనూ ఉండదు. అయినా తెలుగువాళ్ళలో తెలియనివాళ్ళు లేరు. ఇరవై ఏళ్ళుగా కాలేజీలో తెలుగు చెబుతున్నాను. ఇంత చిన్న మాటలో ఇంత పెద్ద తగాదాను ఇమిడ్చిపెట్టిన భాష మరొకటి ఉందో లేదో నాకు తెలియదు.

ఇల్లాంటి వాతావరణంలో పెరిగినదాన్ని గనుక, ఊరినంతటినీ లెక్క అడగడమే పనిగా పెట్టుకున్న ఒక కమిటీని, అదీ దమ్మిడీ జీతం లేకుండా రాత్రి పదిగంటలదాకా కూర్చుని అడిగే కమిటీని చూచినప్పుడు, ముందు ఆశ్చర్యమూ తరవాత కాస్త అసూయా కలిగాయి. ఆ సంగతే మీతో చెప్పాలని కూర్చున్నాను.

మా తమ్ముడు అమెరికాలో మసాచుసెట్సు రాష్ట్రంలో కాపురముంటున్నాడు. బోస్టను నగరానికి పడమరగా గంటసేపు కారులో వెడితే వచ్చే చిన్న ఊరు వాడిది. నిరుడు, అంటే 2025లో, కాలేజీ వేసవి సెలవులకు మరికొన్ని సెలవులు కలుపుకుని ఏప్రిల్ నెలలో అక్కడికి వెళ్ళాను. మావారు రానన్నారు, ఆయనకు మామిడికాయల రోజుల్లో ఊరు విడవడం ఇష్టం ఉండదు. నేను వెళ్ళేసరికి మా తమ్ముడింట్లో రెండు పక్షాలు ఏర్పడి ఉన్నాయి. సంగతేమిటయ్యా అంటే, బడి బడ్జెట్టు! మా మేనకోడలు ఎనిమిదో తరగతి, బడిలో వయొలిన్ వాయిస్తుంది. మేనల్లుడు మూడో తరగతి. వచ్చే ఏడు నాలుగో తరగతిలో వాడికీ వయొలిన్ చేతికివ్వాలి. ఊరికి డబ్బు చాలకపోతే ఆ నాలుగో తరగతి సంగీతం పోతుందని పుకారు పుట్టింది.

"బడి సంగతి ప్రభుత్వం చూసుకోదట్రా? మధ్య మీ ఊరికేం పట్టింది?" అన్నాను.

"ఇక్కడ బడి ఊరిదే అక్కయ్యా. ఇంటిపన్నులోంచే నడుస్తుంది" అన్నాడు మా వాడు.

అది నిన్నా మొన్నా వచ్చిన ఏర్పాటు కాదట. 1647లోనే, ఆ దేశం ఇంకా దేశం కాకముందే, ఆ ప్రాంతంలో ఒక చట్టం చేశారు: యాభై కుటుంబాలున్న ప్రతి ఊరూ చదవడం, రాయడం నేర్పే ఒక పంతులును పెట్టుకోవాలి, నూరు కుటుంబాలుంటే పై చదువుకు పనికివచ్చే బడి పెట్టాలి. నాటినుంచీ బడి ఖర్చు ఊరి నెత్తినే ఉంది. రాష్ట్రం సహాయం చేస్తుంది. 1993లో వచ్చిన విద్యా సంస్కరణ చట్టం ప్రకారం పిల్లవాడికి ఇంత ఖర్చు తప్పదని లెక్క కట్టి, బీద ఊళ్ళకు ఎక్కువా కలిగిన ఊళ్ళకు తక్కువా ఇస్తుంది. కాని చాలా ఊళ్ళల్లో పెద్ద భారం ఇంటిపన్ను మీదే. ఊరి ఖర్చంతా, అంటే రోడ్లూ, అగ్నిమాపక దళమూ, పోలీసులూ, గ్రంథాలయమూ, అన్నీ ఒక తట్టలో వేస్తే బడులే సగం పైచిలుకు తూగుతాయి.

ఆ రాష్ట్రంలో నగరాలూ టౌనులూ కలిసి మూడువందల యాభైఒకటి ఉన్నాయి. నగరాలకు మేయరో మేనేజరో, కౌన్సిలూ ఉంటాయి. టౌనులకు ఉండేది టౌను మీటింగు. చిన్న టౌనుల్లో అది సాక్షాత్తూ ఊరి సభే. ఓటరుగా నమోదైన ప్రతివారూ వెళ్ళవచ్చు, మాట్లాడవచ్చు, చెయ్యెత్తి బడ్జెట్టును నెగ్గించవచ్చు, ఓడించవచ్చు. ప్రతినిధులు లేరు, పార్టీ విప్పులు లేవు. సభలో చర్చించే అంశాల పట్టికను 'వారంటు' అంటారు. "మన ఊరికి వారంటు వచ్చిందక్కయ్యా" అని మా తమ్ముడు మొదటిసారి ఫోనులో చెప్పినప్పుడు నా గుండె ఝల్లుమంది. తీరా చూస్తే అది సభకు పిలుపు. కాకపోతే దాన్ని ఊళ్ళో అతికించేవాడు నిజంగా కానిస్టేబులే!

మరి ఆ సభకు వచ్చే వేలమందో వందలమందో, ఉద్యోగాలు చేసుకుని, వంటలు చేసుకుని, పిల్లలను నిద్రపుచ్చి వచ్చేవాళ్ళు, అంత లావు బడ్జెట్టును ఎప్పుడు చదువుతారు? చదివినా ఏం అర్థమవుతుంది? ఈ ప్రశ్నకు జవాబే ఫైనాన్సు కమిటీ. ఊరి తరఫున చదివిపెట్టేవాళ్ళన్నమాట. కాస్త ఆస్తి ఉన్న ప్రతి టౌనూ ఇల్లాంటి కమిటీని పెట్టుకుని తీరాలని రాష్ట్ర చట్టమే చెబుతోంది. మా తమ్ముడి ఊళ్ళో తొమ్మిదిమంది. వారిని నియమించేది సభను నడిపించే మోడరేటరు. ఖర్చుపెట్టే అధికారులు కారు. ఇందులోని నీతి మన ఇల్లాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. సంచీ పట్టుకుని బజారుకు వెళ్ళేవాడే పద్దు తనిఖీ చేసేవాడు కూడా అయితే వంకాయలు ఎప్పుడూ ప్రియంగానే ఉంటాయి.

ఆ తొమ్మిదిమందిలో ఒకాయన మా తమ్ముడి ఎదురింటాయన. ఉద్యోగం విరమించిన ఇంజనీరు. అరవై అయిదు దాటి ఉంటాయి. తన ఇంటి ముందు మంచును గీత గీసినట్లు తవ్వే మనిషని మా మరదలు చెప్పింది. ఆయన చలవవల్ల ఒక బుధవారం రాత్రి నేనూ మా మరదలూ ఆ కమిటీ సమావేశానికి వెళ్ళాం. వెళ్ళడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. కనీసం నలభై ఎనిమిది గంటల ముందు, శని ఆదివారాలూ సెలవులూ లెక్కలో వేయకుండా, ఎక్కడ ఎప్పుడు ఏం చర్చిస్తారో అందరికీ తెలిసేట్టు ప్రకటించి, తలుపు తెరిచి కూర్చోవాలని చట్టం.

టౌను కచేరీ కింది అంతస్తులో ఒక గది. పొడుగాటి బల్ల, ప్లాస్టికు కుర్చీలు, మూల ఒక కాఫీ కూజా. బల్ల చుట్టూ ఒక నర్సు, ఒక వకీలు, హార్డువేరు కొట్టు నడుపుకునే ఆయన, చంటిపిల్లవాడి తల్లి ఒకావిడ, మా ఇంజనీరుగారు, మిగతావాళ్ళూను. ఎదురుగా రోడ్ల శాఖ అధికారి నిలబడి ఉన్నాడు. ఆ చలికాలం మంచు తవ్వడానికి అనుకున్నదానికన్న ఎక్కువ ఖర్చయిందిట. నాకు అప్పుడు ఒక తమాషా తెలిసింది. టౌనులో ఏ శాఖా తనకు కేటాయించినదానికి మించి ఒక్క డాలరు ఖర్చుపెట్టరాదు. మంచుకు మినహాయింపు ఉంది. ఆకాశం బడ్జెట్టు చదవదు గనుక, మంచు ఖర్చు హద్దు దాటినా చట్టం ఒప్పుకుంటుంది. మరుసటేడు ఆ లోటు పూడ్చుకోవాలి.

"ఉప్పు ధర పెరిగిందా, ఉప్పు వాడకం పెరిగిందా?" అని అడిగాడు హార్డువేరాయన.

ఆ అధికారి కోపం తెచ్చుకోలేదు. కాగితాలు తిప్పి, రెండూనని చెప్పి, ఏది ఎంతో చెప్పాడు. "వచ్చేవారం రాసి పంపండి" అన్నది అధ్యక్షురాలు. అంతే. నేను మా మరదలి వేపు చూచాను. మన వేపు ఏ ఆఫీసరునైనా నలుగురిలో నిలబెట్టి ఉప్పు లెక్క అడిగితే ఏమయ్యేదో ఇద్దరమూ ఊహించుకున్నాం.

తరవాత బడుల వంతు. సూపరింటెండెంటు వచ్చింది, పక్కన స్కూలు కమిటీ అధ్యక్షుడు. ఇక్కడ ఒక మెలిక ఉంది. స్కూలు కమిటీని ఊరివారు వేరే ఎన్నుకుంటారు. టౌను మీటింగు బడికి మొత్తం ఇంత అని ఒకే ఒక అంకె మీద ఓటు వేస్తుంది. ఆ అంకె లోపల ఏ పంతులును ఉంచాలి, ఏ బస్సును తగ్గించాలి అన్నది స్కూలు కమిటీ ఇష్టం. అంచేత ఫైనాన్సు కమిటీ "సంగీతం తీసేయండి" అనీ అనలేదు, "సంగీతం ఉంచండి" అనీ అనలేదు. అడగగలదు, అంతే. మొత్తం మీద ఫలానా అంకె సబబు అని సభకు సలహా చెప్పగలదు. ఈ కమిటీ చేతిలో నిజంగా ఉన్న డబ్బు ఒక్క అత్యవసర నిధి మాత్రమే. బాయిలరు పగిలినా, ఎవరూ ఊహించని ఖర్చు నెత్తిన పడినా, అందులోంచి ఇవ్వడానికి వీళ్ళు ఓటు వేస్తే చాలు. మిగిలినదంతా ప్రశ్నలే.

ఆ రాత్రి ప్రశ్నలన్నీ ఒక పద్దు దగ్గర ఆగాయి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల చదువు పద్దు అది. బుద్ధిమాంద్యమో, మరొక లోపమో ఉన్న పిల్లలకు తగిన చదువు చెప్పించి తీరాలని 1975 నాటి కేంద్ర చట్టం ఉంది. ఊరి బడిలో కుదరకపోతే బయటి ప్రత్యేక పాఠశాలకు పంపి, ఆ ఫీజు ఊరే కట్టాలి. ఒక్క పిల్లవాడి ఫీజు ఒక పంతులు జీతంకన్న ఎక్కువయిన సందర్భాలున్నాయిట. రాష్ట్రం అందులో కొంత తిరిగి ఇస్తుంది, కాని ముందు ఊరు కట్టాలి. ఆ ఏడు ఆ పద్దు బాగా పెరిగింది.

వెనక కుర్చీలో కూర్చున్న ఊరి పెద్దమనిషి ఒకాయన లేచాడు. "ఈ పెరుగుదల ఎంతమంది పిల్లలవల్ల? కొత్తగా వచ్చిన కుటుంబమేనా?" అని అడిగాడు.

అధ్యక్షురాలు అప్పటిదాకా నవ్వుతూ ఉన్న మనిషి. కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టింది. "అయ్యా, ఖర్చు గురించి ఎన్ని ప్రశ్నలైనా అడగండి. ఎవరి పిల్లవాడు అన్న ప్రశ్న మాత్రం ఈ గదిలో అడగరాదు" అన్నది. ఆయన ఏదో అనబోయి కూర్చున్నాడు. సూపరింటెండెంటు గ్లాసులో నీళ్ళు తాగింది. గదిలో కొంతసేపు కాగితాల చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు.

చిన్న ఊరు. ఆ కుటుంబం ఎవరో గదిలో సగంమందికి తెలిసే ఉంటుంది. ఆ తల్లి ఆ సమావేశాన్ని ఇంట్లో కూర్చుని తెరమీద చూస్తూ ఉండవచ్చు కూడా. లెక్క అడగడమే వృత్తిగా ఉన్నవాళ్ళకు, అడగకూడని లెక్క ఏదో కూడా తెలిసి ఉండాలని ఆ క్షణాన నాకు తోచింది. మనం తరచు దీనికి తలక్రిందులుగా చేస్తాం. పెళ్ళికూతురి తండ్రిని కట్నమెంత అని నలుగురిలో అడుగుతాం. వీధి కాలవకు ఎంత ఖర్చయిందో ఎవరినీ అడగం.

ఇప్పుడు మా తమ్ముడింట్లో తగాదా సంగతికి వస్తాను. 1980 నవంబరులో ఆ రాష్ట్రపు ఓటర్లు తామే ఓటు వేసి ఒక చట్టం తెచ్చుకున్నారు. దాని పేరు 'ప్రపోజిషను రెండున్నర'. ఊరు వసూలు చేయదగిన మొత్తం ఇంటిపన్నుకు నిరుడున్న హద్దు వంద డాలర్లయితే, ఈ ఏడు అది నూటరెండున్నర. కొత్తగా లేచిన ఇళ్ళ మీది పన్ను దీనికి అదనం. అంతకు మించి కావాలంటే ఊరివాళ్ళను ఎన్నిక పెట్టి అడగాలి. దాన్ని 'ఓవర్‌రైడు' అంటారు. అది నెగ్గితే హద్దు శాశ్వతంగా పైకి జరుగుతుంది. బడి భవనం కట్టడానికో మరొకందుకో చేసిన అప్పు కోసమైతే ఆ అప్పు తీరేదాకా మాత్రమే పెంచుకునే మార్గం మరొకటి ఉంది.

చట్టం బాగానే ఉంది. కాని ఆరోగ్య బీమాకూ, బడి బస్సుల కంట్రాక్టుకూ, ప్రత్యేక పాఠశాలల ఫీజుకూ ఈ రెండున్నర సంగతి తెలియదు. అవి తమ ఇష్టం వచ్చినట్లు పెరుగుతాయి. దానికితోడు కోవిడు రోజుల్లో కేంద్ర ప్రభుత్వం బడులకు ప్రత్యేకంగా డబ్బు ఇచ్చింది. ఆ డబ్బును వినియోగించడానికి గడువు 2024 సెప్టెంబరు 30తో తీరిపోయింది. ఆ డబ్బుతో పంతుళ్ళను వేసుకున్న ఊళ్ళన్నీ ఒక్కసారి గోడకు కొట్టుకున్నాయి.

"పోనీ, మిగులు డబ్బుందిగా? వాడుకోరాదూ?" అని మా తమ్ముణ్ణి అడిగాను. ఏడాది చివర ఖర్చుకాక మిగిలిన సొమ్మును అక్కడ 'ఫ్రీ క్యాషు' అంటారు. ఇంత మిగిలిందని రాష్ట్ర రెవిన్యూ శాఖ ధ్రువపరిస్తేగాని ముట్టుకోరాదు. మా తమ్ముడు జవాబు చెప్పేలోపల మా మరదలు అందుకుంది.

"వదినగారూ, పెళ్ళిలో వచ్చిన చదివింపులతో నెలనెలా పాలవాడి బాకీ తీరుస్తామా? ఒకసారి వచ్చే డబ్బు ఒకసారి అయ్యే ఖర్చుకే. జీతాలు ఏడాదేడాదీ ఇవ్వాలి" అన్నది. మా మరదలు బి.కాం. చదివింది, అక్కడ ఒక ఆడిటు ఆఫీసులో పనిచేస్తుంది. ఆశ్చర్యమేమిటంటే, ఫైనాన్సు కమిటీ నివేదికలో మొదటి పేజీ సారాంశమూ ఇదే.

మా మరదలు ఓవర్‌రైడు కావాలంటుంది. మా తమ్ముడు ఊగిసలాడుతున్నాడు. కారణం పక్కింటి పెద్దావిడ. డెబ్భై ఎనిమిదేళ్ళు, ఒంటరిది. భర్త ఉన్న రోజుల్లో చవకగా కొన్న ఇల్లు. ఇప్పుడు ఇంటి వెల ఆకాశమంటింది. ఆవిడ పింఛను మాత్రం నేలమీదే ఉంది. వెల పెరిగిన ఇంటిని అన్నంలో కలుపుకు తినలేం గదా! అరవై దాటినవాళ్ళు టౌను పనుల్లో సాయపడితే పన్నులో కొంత తగ్గించే పథకం ఒకటి ఆ రాష్ట్రంలో ఉంది. దాని కింద ఆవిడ గ్రంథాలయంలో పుస్తకాలు సర్దుతుంది. మా మేనల్లుడు బడినుంచి రాగానే ఆవిడ ఇంటికే ముందు పరుగెత్తుతాడు. ఆవిడ చేసే బిస్కత్తులు అల్లాంటివి.

"ఈ ఊరి బడులకు నలభై ఏళ్ళు ఏమీ అడగకుండా ఇచ్చాను. నాకు పిల్లలు లేరు, అయినా ఇచ్చాను. ఇప్పుడు అడిగి ఇస్తాను" అన్నది ఆవిడ ఒకనాడు కంచె దగ్గర నిలబడి. ఆ మాట మా తమ్ముడికి గుచ్చుకుంది. ఒక వేపు వాడి కొడుకు వయొలిన్, ఒక వేపు ఆ ముసలమ్మ ఇల్లు. ఇందులో ఎవరు దుర్మార్గులు, చెప్పండి? బడ్జెట్టు తగాదాల్లో కష్టమంతా ఇక్కడే ఉంది. రెండు వేపులా నిలబడినవాళ్ళు మంచివాళ్ళే.

ఇంకో చిక్కు. మా తమ్ముడికి అమెరికా పౌరసత్వం వచ్చింది, ఓటుంది. మా మరదలికి ఇంకా రాలేదు. అభిప్రాయమున్న మనిషికి ఓటు లేదు, ఓటున్న మనిషికి అభిప్రాయం లేదు! ఆ ఇంట్లో కాఫీ వేళప్పుడు ఎల్లాంటి చర్చలు జరిగి ఉంటాయో మీ ఊహకే వదిలిపెడతాను.

ఫైనాన్సు కమిటీ ఓవర్‌రైడును సమర్థిస్తూ సిఫార్సు చేసింది. అయిదుగురు అవునన్నారు, నలుగురు కాదన్నారు. ఎదురింటి ఇంజనీరుగారు కాదన్న నలుగురిలో ఒకరు. రాబోయే మూడేళ్ళ అంచనా చూపించకుండా శాశ్వతమైన పెంపు అడగరాదని ఆయన వాదన. మా మరదలు ఆ రోజునుంచీ ఆయనకు నమస్కారం పెట్టడం తగ్గించింది.

మే నెల మొదట్లో టౌను మీటింగు జరిగింది. హైస్కూలు వ్యాయామశాలలో, బాస్కెట్‌బాలు కోర్టు మీద వరసగా కుర్చీలు. ఓటర్లకు తలా ఒక రంగు కార్డు ఇచ్చారు. ఓటు లేనివాళ్ళకు ఒక పక్కగా తాడు కట్టి వేరే వరసలు. నేనూ మా మరదలూ అక్కడ. ముందు వేదిక మీద ఒక వేపు ఊరి కార్యనిర్వాహకులైన సెలెక్టు బోర్డు, రెండో వేపు ఫైనాన్సు కమిటీ. బడ్జెట్టు అంశం రాగానే కమిటీ తరఫున నివేదిక వినిపించడానికి లేచింది ఎవరనుకున్నారు? మా ఇంజనీరుగారు! ఆ అంశానికి నివేదిక చదవడం ముందునుంచీ ఆయన వంతట.

మా మరదలు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "అయిపోయింది వదినగారూ. ఈయన చదివితే ఇంకెవరు ఓటేస్తారు?" అన్నది.

ఆయన చదివాడు. ఆ అయిదుగురూ ఎందుకు అవునన్నారో ఒక్కొక్క కారణమే, వాళ్ళే చెబితే ఎంత బాగా చెప్పేవారో అంత బాగా చెప్పాడు. తరగతిలో పిల్లల సంఖ్య ఎంత పెరుగుతుందో, ఏ పంతుళ్ళు పోతారో, సంగీతం ఎవరికి ఆగిపోతుందో అంతా చెప్పాడు. గొంతులో ఎక్కడా వెటకారం లేదు. ఏ అంకెనూ మింగేయలేదు. చివర "నలుగురు సభ్యులు విభేదించారు; వారి కారణాలు నివేదిక చివరి పేజీలో ఉన్నాయి" అని ఒక్క వాక్యం అని కూర్చున్నాడు. ఓటు అడిగినప్పుడు కార్డు మాత్రం వ్యతిరేకంగా ఎత్తాడు.

ఆ రాత్రి సభలో బడ్జెట్టు నెగ్గింది. కాని కథ అక్కడితో అయిపోలేదు. ఓవర్‌రైడు డబ్బు రావాలంటే వేరే ఎన్నికలో, రహస్య ఓటుతో, మళ్ళీ నెగ్గాలి. రాత్రి పదకొండుదాకా కుర్చీల్లో కూర్చోలేని ముసలివాళ్ళు పగటిపూట వచ్చి పెట్టెలో ఓటు వేయగలరు. పక్కింటి పెద్దావిడను మా తమ్ముడే కారులో తీసుకువెళ్ళి దింపాడు. ఆవిడ ఎటు వేసిందో వాడు అడగలేదు. వాడు ఎటు వేశాడో ఆవిడా అడగలేదు. దారి పొడుగునా గులాబీ మొక్కల గురించి మాట్లాడుకున్నారట.

ఓవర్‌రైడు ఓడిపోయింది. తేడా కొద్దిపాటిదే. సభ మరొకసారి కూడి తక్కువ అంకెతో సరిపెట్టింది. ఏం తగ్గించాలో స్కూలు కమిటీ తేల్చుకుంది. నాలుగో తరగతి సంగీతం పోయింది. మా మేనల్లుడు అక్కయ్య వయొలిన్ పెట్టె తెరిచి చూచి, మళ్ళీ మూసి, సైకిలు తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ రాత్రి మా మరదలు వంటింట్లో గిన్నెలు కాస్త గట్టిగా సర్దింది.

వారం తరవాత ఇంజనీరుగారు తలుపు కొట్టాడు. లోపలికి పిలిచి కాఫీ ఇచ్చాం. "మీ అబ్బాయి సంగతి విన్నాను. చాలా విచారంగా ఉంది. కాని నా ఓటు గురించి క్షమాపణ చెప్పడానికి రాలేదు" అన్నాడు. మనిషి అంత సూటి. మా మరదలూ తక్కువది కాదు. నివేదిక తెచ్చి బల్లమీద పరిచింది. ఆరోగ్య బీమాను రాష్ట్రపు ఉమ్మడి బీమా సంస్థ ద్వారా తీసుకుంటే ఎంత మిగులుతుందో ఎప్పుడైనా పోల్చి చూచారా అని అడిగింది. బస్సుల కంట్రాక్టుకు ఎంతమంది టెండర్లు వేశారని అడిగింది. మూడేళ్ళ అంచనా లేదని అభ్యంతరం చెప్పినవారు ఆ అంచనా వేయమని సెప్టెంబరులోనే ఎందుకు అడగలేదని అడిగింది. ఆఖరి ప్రశ్నకు ఆయన కాఫీ కప్పు కింద పెట్టాడు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి మూడు ప్రశ్నలూ రాసుకున్నాడు. "మీరు ఆ బల్ల దగ్గర కూర్చోవలసిన మనిషి" అన్నాడు. "నాకు ఓటే లేదు" అన్నది మా మరదలు. "వచ్చినప్పుడు చెప్పండి" అని లేచాడు.

జూన్‌లో తిరిగివచ్చాక మా ఊరి ఇంటిపన్ను రసీదును మొదటిసారి పూర్తిగా చదివాను. ఆంధ్రప్రదేశ్‌లో ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు. 1960 నాటి గ్రంథాలయ చట్టం ఇచ్చిన వరం అది. ఆ ఎనిమిది పైసలు ఏ పుస్తకం రూపం ధరిస్తున్నాయో ఎవరూ అడగగా నేను వినలేదు. అడిగే మార్గాలు మనకు బొత్తిగా లేవని కాదు. మూడు లక్షలూ అంతకు పైనా జనమున్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలని 74వ రాజ్యాంగ సవరణ చెప్పింది. ఉపాధి హామీ పనులకు గ్రామాల్లో బహిరంగంగా సామాజిక తనిఖీ చేయడంలో దేశానికి దారి చూపినవాళ్ళలో 2006లోనే మన రాష్ట్రం ఉంది. కూలిచేసుకునే ఆడమనిషి లేచి "నా పేరున రాసిన ఈ రోజుల కూలి నాకు రాలేదు" అని నిండు సభలో చెప్పడం చిన్న విషయం కాదు. అడిగే ధైర్యం మనవాళ్ళకు లేదనడం అన్యాయం.

తేడా అల్లా సమయంలో ఉంది. ఖర్చయ్యాక అడిగితే తనిఖీ. అప్పుడు ఎవరో ఒకరు తలదించుకోవాలి, అందుకే కోపతాపాలు. ఖర్చు కాకముందు అడిగితే అది సలహా. అప్పుడు ఎవరినీ దొంగ అనవలసిన అవసరమే రాదు. సరుకుల చీటీ రాసేటప్పుడే "కందిపప్పు కిలో చాలదూ?" అనే ఇల్లాలిని ఎవరూ అనుమానపు మనిషి అనరు. ఆ తొమ్మిదిమందీ చలికాలమంతా కూర్చుని చేసేది ఆ పనే. మన మునిసిపాలిటీ బడ్జెట్టు కౌన్సిలుకు వెళ్ళే ముందు, ప్రతి పట్టణంలోనూ జీతం లేని ఒక నర్సూ, ఒక వకీలూ, ఒక కొట్టాయనా, ఒక చంటిపిల్లవాడి తల్లీ కూర్చుని దాన్ని చదివితే ఎంత బాగుండును! కాఫీ నేను పట్టుకెడతాను.

మా మరదలికి నవంబరులో పౌరసత్వం వచ్చింది. మరునాడే ఓటరుగా నమోదు చేయించుకుంది. డిసెంబరులో కమిటీలో ఒకరు ఊరు మారి వెళ్ళిపోగా ఖాళీ వచ్చింది. మోడరేటరుకు దరఖాస్తు పెట్టుకోమని ఇంజనీరుగారే వచ్చి చెప్పాడు. జనవరినుంచి బుధవారం రాత్రులు మా తమ్ముడింట్లో వంట మా తమ్ముడిదే. మొదటి సమావేశానికి ముందు మా మరదలు నాకు ఫోను చేసింది. పెన్సిలుతో గీతలు పెట్టుకున్న బడ్జెట్టు పుస్తకం ముందు పెట్టుకుని కూర్చుందట.

"మొదట సంగీతం సంగతి అడుగుతావు కాబోలు?" అన్నాను.

"లేదు వదినగారూ" అన్నది. "మొదట మంచు. తరవాత బీమా. ఆ తరవాత పక్కింటావిడలాంటివాళ్ళకు పన్ను తగ్గింపు పథకంలో ఇంకా ఎంతమందిని చేర్చవచ్చో అడుగుతాను. సంగీతం చివర. వాడు నా కొడుకు గదా, అందరి ప్రశ్నలూ అయ్యాక అడిగితేనే బాగుంటుంది."